పదిహేను చుట్లు

మూత విప్పి చూడకుండా మీరు ఇప్పటిదాకా ఎంతమందికి ఎన్ని కారణాలు చెప్పారు?

రోజూ పొద్దున్న ఐదింటికి ఈ ప్రశ్న నా బొటనవేలి కింద మొదలవుతుంది. హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్ళో, బారిడీహ్ పేట‌లో నేను ఒక్కదాన్నే ఉంటున్న ఇంట్లో, పాలవాడి సైకిల్ గంట కూడా ఇంకా మోగని వేళ, నాన్న చేతి గడియారానికి కీ ఇస్తాను. కందిగింజంత కీ. దాని అంచున ఉన్న పళ్ళు వేలికి గరుగ్గా తగులుతాయి. లోపల ఏదో పురుగు కూర్చుని గింజ కొరుకుతున్నట్టు సన్నటి చప్పుడు. పూర్తిగా దిగితే ఇరవై చుట్లు పడుతుంది, రోజూ ఇస్తే పన్నెండు, పదమూడు చుట్లకే కీ బిగుస్తుంది. అక్కడ ఆపాలి. బడి ఉద్యోగం అయిపోయాక చాలా రోజులు సాయంత్రం దాకా నేను వినే దగ్గరి చప్పుడు అదొక్కటే. అది వినగానే నాకు గడియారాల మురికి కడిగే బెంజీన్ వాసన వస్తుంది. ఇంట్లో బెంజీన్ లేదు. ఆ వాసన ఇదే ఊళ్ళో బర్మామైన్స్ పేట‌లో ఒక మేడ మెట్ల కింద కూర్చుని గడియారాలు బాగుచేసిన అప్పలస్వామి గారిది. ఆయన పోయి చాలా కాలమైంది.

ఆయన గురించి చెప్పాలంటే ముందు ఈ గడియారం సంగతి చెప్పాలి. మా నాన్న ఉక్కు కర్మాగారంలో ఖలాసీ. గొలుసులు, ఇనుప తాళ్ళు కట్టి బరువులు ఎత్తించే పని. ముప్పై ఏళ్ళు ఆ తాళ్ళు పట్టిన వేళ్ళు మొద్దుబారిపోయాయి. బరువు ఎంతో చేతి పట్టుతో చెప్పగలిగేవాడు గానీ ఇంత చిన్న కీ ఆయన వేళ్ళకు దొరికేది కాదు. అందుకని రోజూ తెల్లవారుజామున, ఆరు గంటల షిఫ్టుకు ఆయన బయల్దేరే ముందు, అమ్మ కీ ఇచ్చి గడియారం ఆయన చేతికి కట్టేది. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. వాళ్ళిద్దరూ ముద్దుమాటలు ఆడుకోగా నేను వినలేదు. ఆ చుట్లే వాళ్ళ మాటలు.

ఒకరోజు పొద్దున్న వాళ్ళకు గొడవైంది. కారణం నేనే. నన్ను బి.ఎడ్. చదివించాలని నాన్న. చదివింది చాలు, తన అన్న కొడుక్కిచ్చి చేసేద్దామని అమ్మ. అమ్మ కోపంతో గడియారాన్ని కీ ఇవ్వకుండా టీ పళ్ళెంలో పడేసి పెరట్లోకి వెళ్ళిపోయింది. నేను పక్కగదిలో నిద్రపోతున్నాను. మధ్యాహ్నం షిఫ్టు బస్సు దిగి, మా సందు మొదట్లో కల్వర్టు దగ్గర నాన్న గుండె ఆగి పడిపోయాడు. ఇంటికి తెచ్చాక చూస్తే చేతి గడియారం రెండూ ముప్పై అయిదు దగ్గర ఆగి ఉంది.

మా మేనత్త అది చూసింది. ఏడుస్తున్న అమ్మను పట్టుకుని, కీ ఇచ్చావా అని అందరి ముందూ అడిగింది: "వదినా, ఇయ్యాల సాబీ ఇచ్చినావా?"

అమ్మ అబద్ధం ఆడడం చేతకాని మనిషి. "నేదు" అంది.

"అదీ సంగతి. సాబీ అయిపోనాది, మనిసీ అయిపోనాడు."

ఆ ఒక్క మాట తీర్పయి కూర్చుంది. అమ్మకు అప్పీలు చేసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. తొమ్మిదేళ్ళు ఆమె ఏ గడియారాన్నీ ముట్టుకోలేదు. టైము కావాలంటే షిఫ్టు మారేటప్పుడు కూసే కర్మాగారం భోంపూ కోసం చెవి ఒగ్గి కూర్చునేది. పెళ్ళిళ్ళకు పిలిచినా వెళ్ళేది కాదు. ఎవరో రావద్దన్నారని కాదు, తనే తన చేతిని నమ్మేది కాదు. గడియారం నాన్న రుమాల్లో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది.

నేను ఆ తొమ్మిదేళ్ళలో బి.ఎడ్. చదివి, టెల్కో కాలనీలో సైన్సు టీచరునై, మూఢనమ్మకాల మీద సభల్లో నిప్పులు కురిపించే మనిషినయ్యాను. అమ్మకు కూడా శాస్త్రీయంగానే నచ్చజెప్పాను. "ముందురోజు ఐదింటికి ఇచ్చిన కీ ముప్పై మూడు, ముప్పై నాలుగు గంటలు నడుస్తుందమ్మా. రెండున్నరకి ఆగడం సహజం. నాన్న అదే వేళకి పడిపోవడం కాకతాళీయం. అంతే."

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంది: "అయితే నేనియ్యకపోబట్టే ఆగింది కదే."

జవాబు లేనప్పుడు నేను ఏం చేస్తానో అదే చేశాను. గట్టిగా అరిచాను.

అప్పలస్వామి గారిని మొదట చూసింది తెలుగు సంఘం హాల్లో. గోడ గడియారం ఏ దిక్కున ఉండాలి, ఆగిన గడియారం ఇంట్లో ఉంటే ఏం కీడు అనే పిచ్చి మీద ఆ రోజు నేను విరుచుకుపడుతున్నాను. "గడియారం ఇనప ముక్క. దానికి మనిషి చావు తెలియదు" అన్నాను. చప్పట్లు. వెనక వరసలో బక్కపల్చటి మనిషి లేచారు. ఎడమ కంటి చుట్టూ నల్లటి గుండ్రటి మచ్చ. కళ్ళద్దం బిగించీ బిగించీ పడిన గుర్తు అది.

"టీచరమ్మా, తమరెప్పుడైనా గడియారం ఇప్పి సూసినారా?"

హాలంతా నవ్వింది. నాకు మండింది. "చూడాల్సిన పని లేదు. సూత్రం తెలుసు" అన్నాను.

"సరేనమ్మా. ఇనుముకి సావు తెలీదు, నిజమే. గానీ దెబ్బ తెలుస్తాది" అని కూర్చున్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. వాదనలో గెలవలేకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ వారమే ఆయన కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. రైలు పట్టాల వైపు దిగే ఇరుకు సందు. మనిషి లేచి నిలబడితే మెట్టు తలకు తగులుతుంది. ముందు ఒక గాజు పెట్టె, దాని వెనక ఆయన. గూడ్సు బండి వస్తే గాజు గడగడలాడేది. బండి వెళ్ళిపోయేదాకా ఆయన సన్నటి పట్టకారు పైకెత్తి, ఊపిరి బిగబట్టి ఆగేవారు. ఆఖరి పెట్టె దాటాక మళ్ళీ చెయ్యి దించేవారు. విసుక్కోగా నేను చూడలేదు. రోజుకు అలాంటివి ఎన్ని బండ్లో. వచ్చేవాళ్ళు అప్పటికే తక్కువ. వచ్చినా బ్యాటరీ మార్చమని వచ్చేవాళ్ళే.

"నా మీద వాదించడానికొచ్చినారా, నేర్సుకోడానికొచ్చినారా?" అని అడిగారు.

"రెండూ."

"అయితే కూసోండి. తల జాగర్త."

పాత గడియారం ఒకటి విప్పి చూపించారు. ఆ రోజు విన్నంత శ్రద్ధగా నేను కాలేజీలో కూడా వినలేదు. బొత్తాం అంత డబ్బాలో చుట్టి పెట్టిన ఉక్కు రేకు ఉంటుంది. ఆ బజారులో దాన్ని కమానీ అంటారు. మనం ఇచ్చే కీ అంతా దాన్ని చుట్టడానికే. "దీనికి ఒకటే కోరికమ్మా, ఇప్పుకోవాలని. వదిలేత్తే సిటికెలో ఇప్పుకుంటాది. అప్పుడు బలం ఉంటాది గానీ టైము ఉండదు." ఆ బలాన్ని నాలుగు చక్రాలు ఒకదాని నుంచి ఒకటి అందుకుంటాయి. ఒక్కోటీ ముందుదానికన్నా వేగం. చివరి చక్రం దగ్గర కొండిలాంటి చిన్న ముక్క, దానికి రెండు ఎర్ర రాళ్ళు. అది చక్రం పన్నును పట్టుకుని ఆపుతుంది. పక్కనే అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం వచ్చి తట్టినప్పుడు ఒక్క పన్నును మాత్రం వదిలి, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు అయిదుసార్లు. మనం వినే టిక్ టిక్ ఆ రాయి పన్నును ఆపిన చప్పుడు. ఆ బ్యాలెన్సు నిలబడేది వెంట్రుక కన్నా సన్నటి రెండు ఉక్కు మొనల మీద. వాటిని తయారుచేసినవాడి చేతులు ఎలాంటివో అని ఆయన తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

తర్వాత కంటి అద్దం తీసి నన్ను చూశారు. "మీ స్పీచీకి కమానీ గట్టిదే టీచరమ్మా. ఈ రాళ్ళే నేవు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ రోజు నుంచి వారానికి ఒకసారైనా వెళ్ళేదాన్ని. మావయ్యా అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు. ఒకసారి గమనించి అడిగాను, "ఇన్ని గడియారాల మధ్య మీ చేతికి గడియారం లేదేం మావయ్యా?"

"ఎవులైనా వత్తామంటే కదమ్మా టైము సూసుకునేది" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఆయనకు ఎవరున్నారు, ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు, ఒక్కటీ అడగలేదు. ప్రపంచంలో ఉన్న అన్నిటినీ ప్రశ్నించాలని సభల్లో చెప్పే మనిషిని.

అమ్మ సంగతి ఒకరోజు చెప్పాను. నా లెక్క కూడా చెప్పాను, ముప్పై మూడున్నర గంటల లెక్క. ఆయన అంతా విని, "ఇప్పి సూసినావా?" అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న.

"తెచ్చిస్తాను, మీరు విప్పండి."

"ఆ తల్లి సూడకుండా ఇప్పను. నేనిప్పి నీకు సెప్పి, నువ్వెళ్ళి ఆవిడికి సెప్తే అది మళ్ళీ మాటే అవుతాది. మాటలు ఆవిడ శానా విన్నాది."

అమ్మ ఒప్పుకోలేదు. డబ్బా జోలికి వస్తే ఇల్లు వదిలి పోతానంది. ఆ మాటే వెళ్ళి చెబితే, పని కోసం ఎవరింటికీ వెళ్ళని మనిషి ఒక ఆదివారం పదింటికి మా గుమ్మంలో నిలబడ్డారు. చేతిలో చిన్న చెక్కపెట్టె, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. అమ్మ టీ ఇచ్చింది. ఆయన పనిమాట ఎత్తలేదు. "ఏ ఊరు సెల్లెమ్మా మీది?" "టెక్కలి కాడ." "మాది పలాస అవతల. మీ కాడ ఎండు సేపలు ఇప్పటికీ అంత బాగుంటాయేటి?" ఇలా అరగంట. చివరికి అన్నారు: "సెల్లెమ్మా, ఆ గడియారం ఎందుకాగిందో నాకూ తెలీదు. తెలీకే వచ్చినాను. ఇప్పేటప్పుడు సుట్లు నువ్వే లెక్కెట్టాల. నా కళ్ళు పని మీదుంటాయి."

తెలుసని చెప్పే మనుషులనే అమ్మ అప్పటిదాకా చూసింది. తెలియదని చెప్పుకుంటూ ఇంటికి వచ్చినవాడు ఆయనొక్కడే. లేచి డబ్బా తెచ్చింది.

వరండాలో వెలుతురుకు స్టూలు వేసి, తెల్ల పళ్ళెంలో గడియారం పెట్టారు. వెనక మూత తీశారు. "కమానీలో బలం మిగిలుంటే ముందది దించాల. నేకపోతే లోపల పళ్ళు ఇరుగుతాయి" అని, కీ మీద సిరాతో చుక్క పెట్టారు. కమానీని వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే చిన్న కొక్కాన్ని పక్కకు తప్పించి, కీని వేళ్ళ మధ్య మెల్లగా జారనిస్తే అది వెనక్కి తిరుగుతుంది. చుక్క పైకి వచ్చినప్పుడల్లా ఒక చుట్టు. "ఆవిడ మాట నిజమైతే ఒకటో రెండో తిరిగి ఆగిపోవాల" అని ముందే చెప్పారు.

అమ్మ వంగి చూస్తోంది. "ఒకటి" అంది. "రెండు." నేను తలెత్తాను, అయిపోయిందని. "మూడు" అంది అమ్మ. "నాలుగు." ఏడు దగ్గర ఆమె గొంతు మారింది. ఆయన తల ఎత్తలేదు. పదకొండు, పన్నెండు. "పదిహేను" దగ్గర కీ ఆగింది.

ఆయన బ్యాలెన్సును పైకి తీసి, అద్దం అమ్మ కంటికి పెట్టి చూపించారు. "ఈ మొన సూడు, ఈ మొన సూడు. ఒకటి ఇరిగింది. ఆయన పడినప్పుడు సెయ్యి రాతికి తగిలింది. అందుకాగింది సెల్లెమ్మా. సాబీ అయిపోయి కాదు. లోపల ముప్పావు బలం ఇన్నేళ్ళూ అలాగే ఉండిపోనాది."

"నేనియ్యనేదు అన్నయ్యా" అంది అమ్మ. "ఒట్టు. నేనియ్యనేదు."

"ఆ పొద్దున్న ఎవులో ఇచ్చినారు. ఎవులిచ్చినారో గడియారం సెప్పదు. ఇంట్లో ఎవులున్నారో మీకే తెలియాల."

ఇంట్లో ముగ్గురమే. నేను నిద్రలో ఉన్నాను. అమ్మ ఆ చిన్న కీని వేలితో తాకింది. తర్వాత అంది, ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు: "ఆ మొద్దు ఏళ్ళతో ఎలాగ తిప్పినాడే ఈయన?"

నేను అప్పుడే అరవబోయాను, చూశావా అమ్మా అని. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపారు. "ఒకపాలి లెక్క లెక్క కాదు" అన్నారు. తన పాత డబ్బాల్లో వెతికి సరిపడే మొన ఉన్న ఇరుసు పట్టడానికి మూడు వారాలు పట్టింది. అదే కమానీ, అవే చక్రాలు. గడియారం నడిచాక మళ్ళీ వచ్చారు. అమ్మ చేత పొద్దున్న ఐదింటికి కీ ఇప్పించి, మర్నాడు మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదుకు చుట్లు దించారు. రెండున్నర చుట్లే మిగిలాయి. ఇంకోరోజు ఐదింటికి ఇచ్చి అదే రోజు రెండూ ముప్పై అయిదుకు దించారు. పదిహేను. మూడుసార్లూ లెక్కపెట్టింది అమ్మే. మేనత్త చెప్పింది తప్పు. నేను చెప్పిందీ తప్పే. ఆమె అమ్మ చేతిని కారణం చేసింది, నేను కాకతాళీయం అన్నాను. ఇద్దరిలో ఒక్కరమూ మూత తీయలేదు. తొమ్మిదేళ్ళు డబ్బా నా మంచం కిందే ఉంది.

ఇంత చూసి కూడా నేను చేసిన పని వినండి. ఆరునెలలు తిరక్కుండానే అదే హాల్లో ఈ కథ చెప్పాను. అమ్మ ఎలా లెక్కపెట్టిందో, గొంతు ఎలా వణికిందో, చివరికి ఏమందో అభినయించి మరీ చెప్పాను. హాలు దద్దరిల్లింది. మూడో వరసలో కూర్చున్న అమ్మ వైపు అందరూ తిరిగి చూశారు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. అప్పలస్వామి గారు గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు.

"ఆవిణ్ణి అడిగినావేటి సెప్పేముందు?"

"నిజం చెప్పడానికి అనుమతి కావాలా మావయ్యా?"

"నిజం ఆవిడిది గదా. సప్పట్లు నీకొచ్చినాయి."

నాకు తల తిరిగేంత కోపం వచ్చింది. "మీరు గడియారాలు బాగుచేసుకోండి. మనుషుల సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

ఆయన "ఠీక్ హై" అని, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయారు.

ఏడాదిన్నర నేను ఆ సందులోకి వెళ్ళలేదు. అమ్మ రెండుసార్లు ఎండు చేపలు కట్టి పట్టుకెళ్ళింది. "టీచరమ్మ బాగుందేటి అని అడిగినాడే. ఒకపాలి ఎల్లిరా" అంది. వెళ్తాలే అన్నాను. తర్వాత మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఇల్లు కదల్లేకపోయింది. నాకు పరీక్ష పేపర్లు, సభలు, నా పంతం. చివరికి వెళ్ళిన రోజున మెట్ల కింద గాజు పెట్టె అలాగే ఉంది. దానిలో ఫోన్ తొడుగులు వేలాడుతున్నాయి. అమ్ముతున్న అమ్మాయిని తెలుగులో అడిగితే హిందీలో చెప్పింది. "ఘడీ వాలే అంకుల్? వో తో గుజర్ గయే." ఆయన పోయి రెండు నెలలైందట. సామాన్లు పాత ఇనుము కొనేవాడు పట్టుకెళ్ళాడట. ఎక్కడ ఉండేవారు, చివర్లో పక్కన ఎవరున్నారు అంటే ఆమెకు తెలియదు. సందులో ఇంకో నలుగురిని అడిగాను. తెలియదు. ఒక గూడ్సు బండి వచ్చింది. గాజు గడగడలాడింది. ఆ అమ్మాయి ఆగకుండా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. ఊపిరి బిగబట్టి నిలబడ్డది నేనొక్కదాన్నే.

ఎవరైనా వస్తామంటేనే కదా టైము చూసుకునేది అన్నారాయన. వస్తాననాల్సింది నేను. ఆయన ఎందుకు అలా మిగిలిపోయారో నాకు తెలియదు. ఊహించి మంచి కారణం ఒకటి రాయగలను. రాయను. ఆ మూత నేను తీయలేదు, ఇప్పుడు తీసే వీల్లేదు.

అమ్మ పోయేముందు ఆ చివరి నెలల్లో రోజూ తనే గడియారానికి కీ ఇచ్చేది. మంచం మీద పడుకునే, గుండె మీద పెట్టుకుని. ఒకరోజు తనంతట తనే అంది: "మన సంగతి రాసుకుంటే రాసుకోయే. గానీ ముందు ఆయన పేరు సెప్పు. ఆయన పేరు ఇంకెవులూ సెప్పరు." అందుకే నాన్న సంగతి, అమ్మ సంగతి కన్నా ముందు ఆయన పేరు రాశాను.

ఇప్పుడు సభలకు పిలిస్తే వెళ్తాను, తక్కువ మాట్లాడతాను. ఎవరైనా ఫలానా ఆమె అడుగుపెట్టిన వేళ మంచిది కాదు అంటే, వెంటనే విరుచుకుపడకుండా, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమంటాను. నా నాలుక మీదికి కారణం వచ్చేసినప్పుడు దాన్ని ఒక పన్ను దగ్గర పట్టి ఆపడం నేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

మీ ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. అందులో ఆగిపోయినది ఏదో ఉంటుంది. దాని పేరు చెప్పి తలవంచుకుని బతుకుతున్న మనిషి ఒకరు, బహుశా ఇప్పుడు మీకు అన్నం వడ్డిస్తూనో, పక్కగదిలో పడుకునో ఉంటారు. వెళ్ళి ఆ డబ్బా దించండి. ఆ మనిషిని వెలుతురులో కూర్చోబెట్టి, ఆమె కళ్ళముందే మూత తీయండి. మీరు నోరు మూసుకుని, ఆమెను లెక్కపెట్టనివ్వండి.